పది ఎలక్ట్రాన్లున్న ఫ్లోరైడ్ నియాన్ ఎందుకు కాదు: పరమాణు సంఖ్య గురించి వివరంగా

మీ ప్రశ్నను తర్వాత చదివేవారికి కూడా అర్థమయ్యేటట్లు ముందుగా క్లుప్తంగా చెబుతాను. నల్లగొండ జిల్లా చండూరు దగ్గరి ఒక ఊళ్లో హైస్కూలు పిల్లలకు ట్యూషన్ చెబుతున్నానని, "పరమాణు సంఖ్య అంటే పరమాణువులోని ప్రోటాన్ల లేదా ఎలక్ట్రాన్ల సంఖ్య" అన్న గైడు వాక్యాన్ని చదివి వినిపించగానే ఒక అమ్మాయి లేచి, "ఫ్లోరైడ్‌లో పది ఎలక్ట్రాన్లు ఉంటాయని నిన్న మీరే చెప్పారు కదా, పది అంటే నియాన్ కదా, మరి మన బోరు నీళ్లలో ఉన్నది నియానా?" అని అడిగిందని రాశారు. నీళ్లను బాగా మరగబెడితే ఫ్లోరైడ్ చచ్చిపోతుందా అని ఆ అమ్మాయి తల్లి అడిగారని కూడా రాశారు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలుగా కనిపించినా, మొదటిదానికి సరైన జవాబు దొరికితే రెండవదానికి జవాబు దానంతట అదే వస్తుంది.

పరమాణు సంఖ్య అంటే ఒక కేంద్రకంలో ఉన్న ప్రోటాన్ల సంఖ్య మాత్రమే. గైడులోని "లేదా ఎలక్ట్రాన్ల" అన్న మాట నిర్వచనంలో భాగం కాదు. ఏ ఆవేశమూ లేని తటస్థ పరమాణువు విషయంలో మాత్రమే నిజమయ్యే పర్యవసానం అది. ప్రోటాన్‌పై ఎంత ధనావేశం ఉంటుందో ఎలక్ట్రాన్‌పై సరిగ్గా అంతే ఋణావేశం ఉంటుంది కాబట్టి, పరమాణువు మొత్తం మీద తటస్థంగా ఉండాలంటే రెండింటి సంఖ్యా సమానం కాక తప్పదు. కానీ పరమాణువు తటస్థంగానే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. మన జిల్లా నీళ్లలోని ఫ్లోరిన్ తటస్థ స్థితిలో ఉండనే ఉండదు. అందువల్ల గైడు రాసినవారు పట్టించుకోని తేడాను మీ విద్యార్థిని పట్టుకున్నది. ఆమె ప్రశ్న తప్పు కాదు, గైడు వాక్యమే అసంపూర్ణం. ఈ మాట ఆమెకు క్లాసులో అందరి ముందూ చెప్పండి.

పొలానికి పట్టాదారు మారినా, కౌలుకు చేసేవాడు మారినా, వరి తీసేసి బత్తాయి తోట పెట్టినా సర్వే నంబరు మాత్రం మారదు. మూలకానికి ప్రోటాన్ల సంఖ్య అటువంటిది. ఎలక్ట్రాన్లు వస్తుంటాయి, పోతుంటాయి. న్యూట్రాన్లు ఒకే మూలకంలో కొన్ని పరమాణువులకు ఎక్కువ, కొన్నింటికి తక్కువ ఉండవచ్చు. తొమ్మిది ప్రోటాన్లు ఉన్నంతవరకు అది ఫ్లోరినే, పదైతే నియాన్, పదకొండైతే సోడియం.

ఇక లెక్కకు వద్దాం. ఫ్లోరిన్ పరమాణు సంఖ్య 9, ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి) 19, కాబట్టి న్యూట్రాన్లు 10. తటస్థ పరమాణువులో ఎలక్ట్రాన్లు 9. అవి లోపలి కర్పరంలో 2, బయటి కర్పరంలో 7గా అమరి ఉంటాయి. బయటి కర్పరం నిండడానికి ఇంకొక్కటి కావాలి, ఆ ఒక్కదాన్ని ఫ్లోరిన్ ఎంత బలంగా లాక్కుంటుందంటే ప్రకృతిలో అది ఒంటరిగా దాదాపు ఎక్కడా కనిపించదు. అలా లాక్కున్న తర్వాత అది ఫ్లోరైడ్ అయాన్, అంటే ఆవేశం ఉన్న పరమాణువు. దానిలో ప్రోటాన్లు 9, న్యూట్రాన్లు 10, ఎలక్ట్రాన్లు 10, మొత్తం ఆవేశం మైనస్ 1. నియాన్ పరమాణువులో ప్రోటాన్లు 10, ఎలక్ట్రాన్లు 10, ఆవేశం సున్నా. ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటే, వాటి అమరిక కూడా ఒకటే. అయినా ఈ రెండింటి ప్రవర్తనకు పొంతన లేదు: ఒకటి నీళ్లలో కరిగి ఎముకల దాకా చేరుతుంది, మరొకటి దేనితోనూ కలవని వాయువు.

ఎందుకిలా? ఎలక్ట్రాన్లు పదే అయినా వాటిని పట్టి ఉంచేది కేంద్రకం కాబట్టి. దీన్ని పిల్లలకు అంకెలతో చూపవచ్చు. పదేసి ఎలక్ట్రాన్లు ఉన్న నాలుగింటిని తీసుకుని, ఒక్కో దాని నుండి ఒక ఎలక్ట్రాన్‌ను బయటకు లాగడానికి ఎంత శక్తి కావాలో చూడండి. ఫ్లోరైడ్ నుండి లాగడానికి సుమారు 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) చాలు. నియాన్ నుండి లాగాలంటే 21.6 కావాలి. సోడియం అయాన్‌కు 47.3, మెగ్నీషియం అయాన్‌కు 80.1. నాలుగింటిలోనూ ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటే. ప్రోటాన్లు మాత్రం వరుసగా 9, 10, 11, 12. ఒక్కొక్క ప్రోటాన్ పెరిగినకొద్దీ పట్టు ఇంతగా బిగుస్తున్నదంటే, ఆ పదార్థం ఏమిటన్నది నిర్ణయించేది ఏదో వేరే చెప్పనక్కరలేదు. ఎలక్ట్రాన్ల సంఖ్యను బట్టి మూలకానికి పేరు పెట్టాల్సి వస్తే ఉప్పులోని సోడియం, పటికలోని అల్యూమినియం, మన నీళ్లలోని ఫ్లోరైడ్ అన్నీ నియానే అవుతాయి.

నిర్వచనంలో "ఒక కేంద్రకంలో" అన్న మాటను కూడా నేను కావాలనే రాశాను. చాలా పుస్తకాలు దాన్ని వదిలేస్తాయి. దాని అవసరం తెలియాలంటే హైడ్రాక్సైడ్ అయాన్‌ను చూడాలి. ఆక్సిజన్‌కు 8 ప్రోటాన్లు, హైడ్రోజన్‌కు 1, కలిపి 9. ఎలక్ట్రాన్లు 8, 1, ఋణావేశం తెచ్చినది ఇంకొకటి, కలిపి 10. అంటే మొత్తం ప్రోటాన్లు 9, మొత్తం ఎలక్ట్రాన్లు 10, ఆవేశం మైనస్ 1: మూడు లెక్కలూ ఫ్లోరైడ్‌తో అచ్చుగుద్దినట్లు సరిపోతాయి. అయినా అది ఫ్లోరిన్ కాదు, ఎందుకంటే ఆ తొమ్మిది ప్రోటాన్లు ఒకే కేంద్రకంలో లేవు, రెండు కేంద్రకాల్లో ఎనిమిదిగా, ఒకటిగా విడిపోయి ఉన్నాయి. తరగతిలో తెలివైన పిల్లలు ఉంటే ఈ ప్రశ్న వేసి చూడండి, మంచి చర్చ నడుస్తుంది.

ఈ పోలిక కేవలం కాగితం మీద లెక్క కాదు, మన ప్రాంతపు బాధకు మూలం కూడా ఇక్కడే ఉంది. పళ్లలోను, ఎముకల్లోను ఉండే ముఖ్య ఖనిజం హైడ్రాక్సీ అపటైట్. దానిలో కాల్షియం, ఫాస్ఫేట్‌లతోపాటు హైడ్రాక్సైడ్ అయాన్లు వరుసగా కూర్చుని ఉంటాయి. ఆవేశం ఒకటే, పరిమాణం దాదాపు ఒకటే కావడం వల్ల నీళ్లతో వచ్చిన ఫ్లోరైడ్ ఆ హైడ్రాక్సైడ్‌ను తప్పించి దాని చోట్లో సులువుగా కుదురుకుంటుంది. కొద్ది మోతాదులో ఇది పంటిని గట్టిపరుస్తుంది. ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో జరిగితే చిన్న వయసులోనే గారపళ్లు, తర్వాత కీళ్లు బిగుసుకుపోవడం, ఎముకలు వంగడం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పెద్దవాళ్లను చూసినవారికి దీన్ని వర్ణించాల్సిన పని లేదు.

సరే, ప్రోటాన్ల సంఖ్యే అసలైనదని ఎవరు, ఎట్లా తేల్చారన్నది కూడా తెలియాలి, లేకపోతే ఇది బట్టీ పట్టే వాక్యంగా మిగిలిపోతుంది. 1869లో రష్యన్ శాస్త్రవేత్త మెండలీవ్ తన మూలకాల పట్టికను పేర్చినప్పుడు ప్రోటాన్ అన్న ఊహే లేదు, ఎలక్ట్రాన్‌ను జె.జె. థామ్సన్ గుర్తించినది 1897లో, కేంద్రకాన్ని రూథర్‌ఫోర్డ్ ప్రతిపాదించినది 1911లో. మెండలీవ్ మూలకాలను పరమాణు భారం క్రమంలో పెట్టాడు. అయితే కొన్నిచోట్ల ఆ క్రమం ఎదురుతిరిగింది. టెల్లూరియం భారం 127.6, అయోడిన్‌ది 126.9, భారాన్నే నమ్ముకుంటే అయోడిన్ ముందు రావాలి, కానీ గుణాలను బట్టి అది క్లోరిన్, బ్రోమిన్‌ల కిందనే ఉండాలి. మెండలీవ్ గుణాలనే నమ్మి టెల్లూరియాన్ని ముందు పెట్టాడు. తర్వాత కనుగొన్న ఆర్గాన్ విషయంలోనూ ఇదే చిక్కు: ఆర్గాన్ భారం 39.95, పొటాషియం భారం 39.10. కోబాల్ట్, నికెల్‌లదీ అదే కథ.

ఈ చిక్కు విప్పినవాడు హెన్రీ మోస్లీ. 1913లో మాంచెస్టర్‌లో, అప్పటికి ఇరవై ఆరేళ్లు కూడా నిండని ఆ యువకుడు, ఒక్కొక్క మూలకాన్ని ఎలక్ట్రాన్లతో కొట్టి, దాని నుండి వచ్చే ఎక్స్ కిరణాల ఫ్రీక్వెన్సీని కొలిచాడు. ఆ ఫ్రీక్వెన్సీ వర్గమూలాన్ని పట్టికలోని వరుస సంఖ్యకు ఎదురుగా గీస్తే చక్కని సరళరేఖ వచ్చింది; పరమాణు భారానికి ఎదురుగా గీస్తే అంత చక్కగా రాలేదు. కేంద్రకంపై ఉన్న ధనావేశమే ఆ వరుస సంఖ్య అని వాన్ డెన్ బ్రూక్ అన్న డచ్చి వ్యక్తి అంతకుముందే ఊహించాడు, మోస్లీ దాన్ని కొలిచి చూపాడు.

ఈ లెక్కను మనమూ చేయవచ్చు, కాగితం తీసుకోండి. పరమాణు సంఖ్యలో నుండి ఒకటి తీసేసి, వర్గం చేసి, 10.2తో గుణిస్తే, మోస్లీ కొలిచిన ముఖ్యమైన ఎక్స్ కిరణం శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో సుమారుగా వస్తుంది. ఒకటి ఎందుకు తీసేయాలంటే, లోపలి కర్పరంలో మిగిలి ఉన్న ఎలక్ట్రాన్ కేంద్రకపు ఆవేశాన్ని కొంత అడ్డుకుంటుంది. కోబాల్ట్‌కు 27 కాబట్టి 26ను వర్గం చేస్తే 676, 10.2తో గుణిస్తే సుమారు 6,895. ప్రయోగంలో వచ్చేది సుమారు 6,930. నికెల్‌కు 27 వర్గం 729, గుణిస్తే సుమారు 7,436. ప్రయోగంలో సుమారు 7,480. నికెల్ కోబాల్ట్ కంటే కొంచెం తేలిక, అయినా దాని ఎక్స్ కిరణం శక్తి ఎక్కువ. అంటే ప్రకృతి లెక్కపెడుతున్నది బరువును కాదు. 43, 61, 72, 75 స్థానాల్లో ఖాళీలు ఉన్నాయని కూడా ఈ రేఖే చూపింది. ఆ నాలుగూ తర్వాతి కాలంలో టెక్నీషియం, ప్రోమీథియం, హాఫ్నియం, రీనియంగా దొరికాయి. వాటిని చూడడానికి మోస్లీ లేడు. 1915 ఆగస్టులో గల్లిపోలి యుద్ధంలో, 27 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఇది పాత కథ అనుకోకండి. నగను కరిగించకుండా, గీయకుండా, ఒక చిన్న పెట్టెలో పెట్టి బంగారం శాతం ఎంతో, రాగి ఎంతో, వెండి ఎంతో చెప్పే యంత్రాన్ని హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో మీరు చూసే ఉంటారు. అది చేసేది ఎక్స్ కిరణాలతో పరమాణువులను కదిలించి, తిరిగి వచ్చే కిరణాల శక్తిని చదవడమే. 79 ప్రోటాన్లు ఉన్నది ఒక శక్తితో, 47 ఉన్నది మరొక శక్తితో, 29 ఉన్నది ఇంకొక శక్తితో జవాబు ఇస్తాయి. రంగు పూసి మనిషిని మోసం చేయవచ్చు గాని ఈ లెక్కను మోసం చేయడం కష్టం.

న్యూట్రాన్ల సంగతి. వీటికి ఆవేశం లేదు, అందువల్లనే ఇవి ఆలస్యంగా, 1932లో ఛాడ్విక్ చేతికి చిక్కాయి. ద్రవ్యరాశిలో ప్రోటాన్‌కు దాదాపు సమానం. ఎలక్ట్రాన్ మాత్రం ప్రోటాన్‌లో సుమారు 1,836వ వంతు, అందుకే ద్రవ్యరాశి సంఖ్యలో దాన్ని లెక్కలోకి తీసుకోరు. ధనావేశం ఉన్న ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వాటిని కలిపి ఉంచే కేంద్రక బలానికి న్యూట్రాన్లు తోడ్పడతాయి, నెట్టివేతను మాత్రం పెంచవు. చిన్న పరమాణువుల్లో రెండూ దాదాపు సమానంగా ఉంటే చాలు. పెద్దవాటిలో న్యూట్రాన్లు చాలా ఎక్కువ కావాలి. కాల్షియంలో 20కి 20, సీసంలో 82కి 126 వరకు.

ఇక్కడ పిల్లలు తరచుగా చేసే ఒక పొరపాటును సరిచేయాలి. క్లోరిన్ పరమాణు భారం 35.5, పరమాణు సంఖ్య 17, కాబట్టి న్యూట్రాన్లు 18.5 అని రాస్తారు. సగం న్యూట్రాన్ ఏ పరమాణువులోనూ ఉండదు. ప్రకృతిలోని క్లోరిన్‌లో సుమారు 76 శాతం పరమాణువులకు 18 న్యూట్రాన్లు, సుమారు 24 శాతానికి 20 న్యూట్రాన్లు ఉంటాయి, 35.5 అన్నది వాటి సగటు. న్యూట్రాన్ల సంఖ్య కావాలంటే తీసేయవలసింది ద్రవ్యరాశి సంఖ్యలో నుండి, అది ఎప్పుడూ పూర్ణాంకమే. ఇలా ప్రోటాన్లు ఒకటిగా ఉండి న్యూట్రాన్లు మాత్రం మారేవి ఐసోటోపులు.

ఫ్లోరిన్ ఈ విషయంలో ప్రత్యేకమైనది: ప్రకృతిలో దానికి ఒకే ఒక్క స్థిరమైన ఐసోటోపు. కానీ మనుషులు మరొకదాన్ని తయారుచేస్తారు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్యాన్సర్ రోగులకు చేసే పెట్ స్కాన్‌లో ఇంజెక్షన్‌గా ఇచ్చేది సాధారణంగా ఫ్లోరిన్-18 ఉన్న ఒక రకం గ్లూకోజ్. 8 ప్రోటాన్లు, 10 న్యూట్రాన్లు ఉన్న ఆక్సిజన్-18ను, కణాలకు వేగం ఇచ్చే యంత్రమైన సైక్లోట్రాన్‌లో వేగవంతమైన ప్రోటాన్‌తో కొడితే, ఆ ప్రోటాన్ లోపలికి దూరి ఒక న్యూట్రాన్ బయటకు వస్తుంది. మిగిలేది 9 ప్రోటాన్లు, 9 న్యూట్రాన్లు. సుమారు 110 నిమిషాలకు దానిలో సగం క్షీణిస్తుంది: ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారి, పాజిట్రాన్ (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ వంటి కణం) వెలువడి, మళ్లీ ఆక్సిజన్-18 అవుతుంది. తొమ్మిది ప్రోటాన్లు ఉన్నంతసేపూ రసాయనికంగా అది మన బోరు నీళ్లలోని ఫ్లోరిన్ వంటిదే, ఒక న్యూట్రాన్ తగ్గినందుకు దాని బంధాలు మారవు. ఎనిమిదికి దిగిన క్షణం నుండి అది ఫ్లోరిన్ కాదు.

అంటే పరమాణు సంఖ్య ఎన్నటికీ మారదని కాదు. కేంద్రకంలో మార్పు జరిగితేనే మారుతుంది. దీనికి ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. నాగార్జునసాగర్ దాపున లంబాపూర్, పెద్దగట్టు రాళ్లలోను, పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ వైపు నల్లమలలోను యురేనియం ఉన్నదని, తవ్వకాలు వద్దని జరిగిన ఆందోళనల వల్ల అందరికీ తెలిసింది. దాని పరమాణు సంఖ్య 92. ప్రకృతిలోని యురేనియంలో 99 శాతానికి పైగా 146 న్యూట్రాన్లు ఉన్న యురేనియం-238, సుమారు 0.7 శాతం 143 న్యూట్రాన్లు ఉన్న యురేనియం-235. రెండింటిలోనూ 92 ప్రోటాన్లే కాబట్టి ఏ ఆమ్లంతోనైనా రెండూ ఒకే తీరున కలుస్తాయి, మామూలు రసాయన చర్యలతో విడదీయడం సాధ్యం కాదు. అందుకే యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువుగా మార్చి, గిర్రున తిప్పి, బరువులోని చిన్న తేడాతో వేరుచేస్తారు. ఫ్లోరిన్‌కు ఒకే ఐసోటోపు ఉండడం ఇక్కడ బాగా పనికివస్తుంది: ఆ వాయువు బరువులో తేడా వచ్చిందంటే అది యురేనియం వల్లనే.

యురేనియం-238 ఒక ఆల్ఫా కణాన్ని, అంటే 2 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్ల మూటను వదిలితే 92 కాస్తా 90 అవుతుంది, అది థోరియం. థోరియంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, ఆ మార్పులోనే పుట్టిన ఎలక్ట్రాన్ బయటకు పోతుంది, 91 అవుతుంది, అది ప్రొటాక్టినియం. మరొకసారి అలాగే జరిగితే తిరిగి 92, మళ్లీ యురేనియమే, కానీ ద్రవ్యరాశి సంఖ్య 234. బీటా కణంగా వెలువడే ఈ ఎలక్ట్రాన్ కర్పరాల్లో తిరిగేది కాదని పిల్లలకు నొక్కి చెప్పండి. చివరి వరకు ఈ వరుసలో 8 ఆల్ఫాలు, 6 బీటాలు: 92లో 16 తీసి 6 కలిపితే 82, 238లో 32 తీస్తే 206. సీసం-206. లెక్క సరిపోయింది.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్న. మరగబెట్టడం వల్ల కేంద్రకానికి ఏమీ కాదు; పొయ్యి వేడి అణువులను వేగంగా కదిలిస్తుంది, పట్టు తక్కువ ఉన్న ఎలక్ట్రాన్లను ఒకచోట నుండి మరొకచోటకు చేర్చవచ్చు, తొమ్మిది ప్రోటాన్లను మాత్రం తాకలేదు. సూక్ష్మజీవులు చస్తాయి, మూలకం చావదు. పైగా నష్టమే: లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న 10 లీటర్ల నీళ్లు మరిగి 8 లీటర్లయితే, ఆ 30 మిల్లీగ్రాములూ మిగిలిన నీళ్లలోనే ఉండి లీటరుకు 3.75 అవుతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనిచోట 1.5 వరకు.

కాబట్టి ఫ్లోరైడ్‌ను తొలగించడం అంటే దాన్ని నీళ్లలో నుండి వేరొక చోటికి మార్చడమే. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించి, మన జిల్లా పేరే పెట్టిన నల్లగొండ పద్ధతి చేసేదీ ఇదే. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపితే, పటికలోని అల్యూమినియం తెల్లని మెత్తని తరకలుగా ఏర్పడుతుంది. ఫ్లోరైడ్ వాటిని అంటిపెట్టుకుని అడుగుకు దిగుతుంది, పైనీళ్లను వడగట్టి తీసుకుంటారు. ఇక్కడ కూడా మీ విద్యార్థినికి చూపదగిన లెక్క ఉంది: అల్యూమినియం అయాన్‌లో ఎలక్ట్రాన్లు 10, ఫ్లోరైడ్‌లోనూ 10. ఒకదానిలో ప్రోటాన్లు 13, మరొకదానిలో 9, అందువల్ల ఒకటి ప్లస్ 3, ఇంకొకటి మైనస్ 1. రెండూ నిజంగా నియానే అయితే ఒకదాన్నొకటి ఇలా పట్టుకునేవే కావు.

అడుగున మిగిలిన ఆ బురదలో ఫ్లోరైడ్ చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని బావి ఒడ్డునో, బోరు పక్కనో, పశువులు తాగే తొట్టి దగ్గరో పారబోయవద్దని ఆ తల్లికి చెప్పండి. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్న ఇళ్లలో తాగడానికి, వంటకు ఆ నీళ్లనే వాడుకుని, బోరు నీళ్లను బట్టలకు, కడుగుడుకు ఉంచుకోవడం అన్నిటికంటే సులువు.